గుడ్లు మానేసింది, సాయంత్రం కల్లు మాత్రం మానట్లేదు: రొమ్ము క్యాన్సర్ భయంతో మా అమ్మ

దేవరకొండ_బిడ్డ
పక్కింటి పెద్దమ్మకు పోయిన నెల రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆమెకు 61 ఏళ్ళు. అప్పటి నుంచి మా అమ్మకు నిద్ర లేదు. అమ్మకు 64. ఫోన్‌లో ఎవరో పంపిన వీడియోలు చూసి ముందు కోడిగుడ్లు మానేసింది, తర్వాత కోడికూర, ఇప్పుడు చాయ్‌లో చక్కెర బదులు బెల్లం. ఫ్రిజ్‌లో ఉన్న ప్లాస్టిక్ సీసాలన్నీ చెత్తబండిలో వేసింది. కానీ సాయంత్రం ఒక సీసా కల్లు మాత్రం ఉండాల్సిందే. ముప్పై ఏళ్ళ అలవాటు. పొలం కౌలుకిచ్చి ఆరేళ్ళయింది, ఆ ఆరేళ్ళలో పద్నాలుగు కిలోలు పెరిగింది. అదే మాట ఎత్తితే "కూసుంటే ఎవరికన్నా రోగం వస్తదా బిడ్డా" అంటుంది.

వాడకట్టులో మాటలు వింటే ఇంకా బాధగా ఉంది. ఆ పెద్దమ్మ ఏం తప్పు చేసిందో అందరూ వెతుకుతున్నారు. పిల్లలకు పాలు సరిగా ఇవ్వలేదంట, ఎప్పుడో ఆవు పొడిచిందంట. ఆమె జీవితంలో కల్లు ముట్టలేదు, నలుగురు పిల్లల్ని కన్నది.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఈ వయసులో అలవాట్లు మార్చుకుంటే నిజంగా తేడా ఉంటుందా? ఉంటే దేనితో మొదలుపెట్టాలి? అమ్మ నా మాట వింటే ఒక్కసారి వింటుంది. ఆ ఒక్క మాట సరైనది చెప్పాలి.

నకిరేకల్_నిమ్మ
గుడ్డు ఏం పాపం చేసింది అక్కా! ఆ వీడియో మా ఇంటికీ వచ్చింది. మా నాయనమ్మ రెండు రోజులు మానేసి, మూడో రోజు "నాకింక ఎన్నేండ్లు ఉన్నయి" అని రెండు ఉడకబెట్టుకుని తిన్నది.

సూర్యాపేట_తాత
మా చిన్నతనంలో ఈ రోగం పేరే వినలేదు. జొన్న గటక, సర్వపిండి, ఇంటి పాడి. ఇప్పుడు యూరియా లేని మెతుకు లేదు, మందు కొట్టని కూరగాయ లేదు. అలవాట్లు అంటూ మళ్ళీ ఆడవాళ్ళ మీదే తోస్తున్నారు. తప్పంతా తిండిలో కలిపే మందులదే.

వనపర్తి_టీచరమ్మ
తాతా, పేరు వినలేదంటే ఒప్పుకోను. "రాచపుండు" అనే మాట మీరు వినలేదా? మా అమ్మమ్మ చెల్లెలు రొమ్ము మీద రాచపుండు లేచి పోయింది. వాసన వస్తుందని వెనక కొట్టంలో మంచం వేశారట. రోగం ఉన్నది, పరీక్ష లేదు. పైగా అరవై దాకా బతికిన వాళ్ళే తక్కువ. ఇది వయసుతో పాటు పెరిగే ముప్పు.

కానీ మీ మాటలో ఒక నిజం ఉంది, ఆ కాలం ఆడవాళ్ళకు కొంత రక్షణ ఉండేది. అది జొన్న గటక వల్ల కాదు. ఇరవై లోపే తొలి కాన్పు, ఐదారుగురు పిల్లలు, ఒక్కొక్కరికి రెండేళ్ళు పాలు. 30 దేశాల లెక్కలు కలిపి 2002లో చూస్తే, మొత్తం మీద పాలిచ్చిన ప్రతి 12 నెలలకు ముప్పు దాదాపు 4 శాతం, ప్రతి కాన్పుకు 7 శాతం తగ్గింది. అలాగని మన పిల్లలకు మళ్ళీ పదహారేళ్ళకు పెళ్ళి చేద్దామా? ఆ రక్షణ పోయింది కాబట్టే మిగతా వాటి మీద చూపు పెట్టాలి.

సూర్యాపేట_తాత
రాచపుండు మాట విన్నాను తల్లీ. అది ఇదేనని ఎవరూ చెప్పలేదు.

ఏఎన్‌ఎం_అక్క
పందొమ్మిదేళ్ళుగా సబ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. దేవరకొండ చెల్లి అడిగిన ప్రశ్నకు నేరుగా చెప్తాను.

తేడా ఉంటుంది. ముసలితనంలో కూడా ఉంటుంది. చాలా రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌తో పెరుగుతాయి. ముట్టు ఆగిపోయాక అండాశయాలు దాన్ని తయారు చేయడం దాదాపు ఆపేస్తాయి. కానీ ఒంట్లో ఈస్ట్రోజెన్ ఆగదు. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, అది వేరే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. అంటే ముట్టు ఆగాక ఒంట్లో కొవ్వు పెరిగితే ఈస్ట్రోజెన్ కార్ఖానా పెరిగినట్టే. వయసులో ఉన్నప్పుడు బరువు, ఈ క్యాన్సర్ లెక్క వేరుగా ఉంటుంది. ముట్టు ఆగిన తర్వాత మాత్రం బరువుతో ముప్పు స్పష్టంగా పెరుగుతుంది. అమ్మ పొలం మానేశాక పెరిగిన పద్నాలుగు కిలోలే నాకు గుడ్ల కంటే ముఖ్యం.

మంచి మాట కూడా ఉంది. లక్షా ఎనభై వేల మంది ఆడవాళ్ళను గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో, యాభై దాటాక రెండు మూడు కిలోలు తగ్గి, ఆ తగ్గిన బరువు నిలబెట్టుకున్న వాళ్ళకు కూడా ముప్పు తగ్గింది. పద్నాలుగు కిలోలూ దించమని అమ్మను భయపెట్టకండి. మూడు చాలు, మొదలుపెట్టడానికి.

రెండోది కల్లు. మూడోది నడక. గుడ్డు, కోడి, ఫ్రిజ్ సీసా, ఆవు పొడవడం, ఇవేవీ నేను లెక్కలోకి తీసుకోను. దెబ్బ తగిలితే క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలినప్పుడు చేయి పెట్టి చూసుకుంటే అప్పటికే ఉన్న గడ్డ బయటపడుతుంది, అంతే.

తాటివనం
మిగతావన్నీ ఒప్పుకుంటా, కల్లు దగ్గర ఆగండి. మా ఇంట్లో మూడు తరాలుగా తాళ్ళెక్కుతున్నారు. చెట్టు నుంచి దించిన కల్లుకీ, షాపులో విస్కీకీ తేడా లేదా? మా నాయనమ్మ ఎనభై ఆరేళ్ళు బతికింది, రోజూ తాగింది. కల్లును రోగాల జాబితాలో చేర్చి గీత కార్మికుల పొట్ట కొట్టకండి.

ఏఎన్‌ఎం_అక్క
తమ్ముడూ, మీ పొట్ట కొట్టే మాట నేనెందుకు అంటాను. మా మేనమామలు కూడా మోకు ముత్తాదు పట్టినవాళ్ళే. కానీ ఒంటికి విస్కీ, కల్లు అని తెలియదు, లోపలికి పోయిన ఆల్కహాల్ ఎన్ని గ్రాములో అదే తెలుస్తుంది. పులిసిన కల్లు 4 శాతం అనుకున్నా 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 20 గ్రాములు ఉంటుంది. రోజూ 10 గ్రాములకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 7 శాతం చొప్పున, కొన్ని లెక్కల్లో 10 దాకా పెరుగుతుందని చాలా దేశాల్లో తేలింది. ఆల్కహాల్ ఈస్ట్రోజెన్‌ను పెంచుతుంది, అది విరిగి తయారయ్యే అసిటాల్డిహైడ్ కణాల్లో డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. "ఇంత వరకు పర్వాలేదు అనే కొలత లేదు" అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది.

మీ నాయనమ్మ ఎనభై ఆరేళ్ళు బతకడం సంతోషం. ఇంకో అవ్వ బతకలేదు. ఇది అందరికీ వచ్చి తీరే లెక్క కాదు.

వనపర్తి_టీచరమ్మ
ఆ 7 శాతం విని ఎవరూ బెదిరిపోవద్దు, అందుకే చిన్న లెక్క. వెయ్యి మంది ఆడవాళ్ళలో 30 మందికి వస్తుందనుకుందాం. 7 శాతం పెరగడమంటే 30 కాస్తా 32 అవుతుంది, నూటికి ఏడుగురికి కొత్తగా వస్తుందని కాదు. సీసా మొత్తానికి 34, 35 దాకా పోతుంది. ఒక్క మనిషికి ఇది చిన్న తేడా. మండలం మొత్తానికి చూస్తే ఎన్ని ఇళ్ళో ఆలోచించండి.

తాటివనం
ఈ లెక్క అయితే అర్థమైంది. పొద్దున పులవక ముందు దించిన నీరాలో ఆల్కహాల్ ఉండదు. లొట్టి శుభ్రంగా ఉండాలి, చల్లగా ఉంచాలి, వెంటనే తాగాలి. అమ్మకు నోరు కట్టేయమని చెప్పే బదులు అది ఇప్పించండి. నేనైతే మా అమ్మకు ఇక నుంచి అదే ఇస్తా.

ఏఎన్‌ఎం_అక్క
చాలా మంచి మాట తమ్ముడూ. తీపి ఉంటుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళు చిన్న గ్లాసుతో ఆపాలి.

నాగర్‌కర్నూల్_సిస్టర్
ఆగండి, ఆగండి. కల్లు మానిపించే ముందు ఇది చదవండి. మన వైపు దుకాణాల్లో అమ్మే కల్లులో చాలా చోట్ల అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఏళ్ళ తరబడి అది తాగినవాళ్ళు ఒక్కరోజులో ఆపేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పిచ్చి పిచ్చిగా మాట్లాడతారు, మూర్ఛ కూడా వస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలా ఎంతమందిని తెచ్చారో అందరికీ తెలుసు.

దేవరకొండ చెల్లీ, అమ్మ తాగేది చెట్టు కల్లా, దుకాణం కల్లా? దుకాణందైతే ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టర్‌కు చెప్పి మెల్లగా తగ్గించండి.

దేవరకొండ_బిడ్డ
దుకాణందే సిస్టర్. ఒకసారి రెండు రోజులు దొరకకపోతే అమ్మ చేతిలో చాయ్ గ్లాసు నిలవలేదు, సాసర్ మీద టకటకమని కొట్టుకుంది. చలి వల్ల అనుకున్నాను. ఇప్పుడు మీరు చెప్తే ఒళ్ళు జలదరించింది. రేపే డాక్టర్‌తో మాట్లాడతా.

మర్రిగూడ_నీళ్ళు
మా దగ్గర ప్రతి రోగానికీ ఫ్లోరైడ్ నీళ్ళే కారణం అంటారు. ఇది కూడా అంతేనా? మా పెద్దమ్మకు 67 ఏళ్ళు. నడుము వంగిపోయింది, మోకాళ్ళు మడవలేదు. ఆమెకు "నడువు" అని చెప్తే ఎట్లా నడుస్తుంది? చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళు తాగిన ఒళ్ళు అది.

ఏఎన్‌ఎం_అక్క
ఫ్లోరైడ్ పళ్ళను, ఎముకలను పాడుచేస్తుంది. రొమ్ము క్యాన్సర్ తెస్తుందని రుజువు లేదు. కానీ మీరు అసలు విషయం పట్టుకున్నారు. కీళ్ళు పట్టేసి కదలలేకపోవడం, దాంతో బరువు పెరగడం, అది ముప్పే.

నడవలేని వాళ్ళకు నేను చెప్పేది ఇది. గోడకు ఆనించిన కుర్చీ. కూర్చుని రెండు చేతులూ పైకి, పక్కలకు, పది సార్లు. కాలు ముందుకు చాపి కొంచెం ఆపి దించడం. రెండు అరలీటరు నీళ్ళ సీసాలు చేతికిచ్చి ఎత్తించండి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది. వారానికి 150 నిమిషాలు చెమట పట్టే నడక అని పెద్దవాళ్ళందరికీ చెప్తారు, అంత చేయలేకపోతే చేయగలిగినంత చేసినా లాభమే. బరువు తగ్గకపోయినా కదలిక వల్ల ముప్పు కొంత తగ్గుతుంది.

నకిరేకల్_నిమ్మ
మీ అమ్మను నడిపించాలంటే టీవీ తీసుకెళ్ళి ఊరి చివర మేనత్త ఇంట్లో పెట్టండి అక్కా. సీరియల్ టైముకు రోజూ అటు ఒక కిలోమీటరు, ఇటు ఒక కిలోమీటరు.

దేవరకొండ_బిడ్డ
నవ్వు ఆపుకోలేకపోయా తమ్ముడూ. నిజంగానే మేనత్త ఇల్లు ఊరి చివరే ఉంది. ఇద్దరూ కలిసి చూస్తే పోట్లాటే.

మిర్యాలగూడ_కోడలు
మా అత్తకు ముప్పై మూడేళ్ళకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతుందని పోతే "తీసేస్తే క్యాన్సర్ భయమే ఉండదు" అన్నారట. అందుకని ఆమె ఇప్పటికీ ఏ పరీక్షకూ రాదు. "నాకు తీసేసిండ్రు కదా" అంటుంది. మా వాడలో ఈ మాట అనే ఆడవాళ్ళను పదిమందిని చూపిస్తా.

నాగర్‌కర్నూల్_సిస్టర్
అత్తకు గట్టిగా చెప్పండి. గర్భసంచి తీస్తే గర్భసంచికి వచ్చే క్యాన్సర్ రాదు. రొమ్ము అక్కడే ఉంది కదా. అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేస్తే రొమ్ము ముప్పు కొంత తగ్గుతుంది, కానీ దానికి బదులు ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు తొందరగా వస్తుంది. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదొకటి. ఆ కోతకు "ఇక నీకు ఏ రోగం రాదు" అనే అబద్ధం కూడా కలిపి ఇంటికి పంపారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

వనపర్తి_టీచరమ్మ
నాది ఒక అనుభవం. ముట్టు ఆగినప్పుడు ఒంట్లో ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, క్లాసులో ఉన్నట్టుండి మొహం మండిపోయేది. తెలిసినామె చీటీ చూపించి నేనూ అవే హార్మోన్ గోలీలు మెడికల్ షాపులో కొనుక్కుని ఏడాదిన్నర వేసుకున్నా. తర్వాత ఒక లేడీ డాక్టర్ చూసి బాగా మందలించింది. అమెరికాలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన పెద్ద పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేశారట, రొమ్ము క్యాన్సర్ పెరుగుతోందని. ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది కేసులు ఎక్కువ. అవి విషం కాదు, అవసరమైన వాళ్ళకు డాక్టర్ తూచి కొంతకాలం ఇస్తుంది. పక్కింటామె చీటీ మీద కొనేవి కావు.

కొల్లాపూర్_మామిడి
మూడు రోజులుగా మీ మాటలన్నీ చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుని ఇప్పుడు రాస్తున్నాను.

నాకు 58 ఏళ్ళప్పుడు వచ్చింది. నేను సన్నగా ఉంటాను. కల్లు, తంబాకు ఏదీ లేదు. ముగ్గురు పిల్లలు, ముగ్గురికీ పాలిచ్చాను. పల్లికాయ తెంపడానికి, నాట్లకు పోయిన మనిషిని, కూర్చుని తిన్నదాన్ని కాదు. మా వంశంలో ఎవరికీ లేదు. అయినా వచ్చింది. డాక్టర్‌ను అడిగితే, వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ ఉండదు, తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల వల్ల అయ్యేది 5 నుంచి 10 శాతమే అన్నారు. ఆడమనిషి కావడం, వయసు పెరగడం, ఇవే అన్నిటికంటే పెద్ద కారణాలట. ఈ రెండింటినీ ఎవరు మానగలరు?

స్నానం చేస్తుంటే చంక దగ్గర తగిలింది. నానబెట్టిన బొబ్బర గింజంత. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. కోడలికి చెప్పాలంటే సిగ్గు, కొడుక్కి చెప్పాలంటే ఇంకా సిగ్గు. గింజ రేగుపండు అయ్యాక, రొమ్ము మీద చర్మం సొట్ట పడ్డాక చెప్పాను. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. నాలుగేళ్ళయింది. ఇప్పుడు రోజూ ఒక లెట్రోజోల్ గోలీ. ఏఎన్‌ఎం అక్క చెప్పిన ఆ అరోమటేజ్ ఎంజైమ్‌ను ఆపేది ఈ గోలీయే. అందుకే అక్క రాసింది చదివి, కొవ్వు సంగతి ఉత్త మాట కాదని నాకు వెంటనే అర్థమైంది.

అలవాట్లు మార్చుకోండి, నేనూ రోజూ నడుస్తున్నా. కానీ రోగం వచ్చినామె ముందు అలవాట్ల లెక్క తీయకండి. నన్ను చూడ్డానికి వచ్చిన వాళ్ళు పండ్లు పెట్టి, పక్కన కూర్చుని, "నువ్వు ఏం తిన్నవ్, ఏం చేసినవ్" అని అడిగారు. కీమోకంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది. దేవరకొండ బిడ్డా, ఆ పెద్దమ్మ ఇంటికి పోయి ఒక గంట ఊరికే కూర్చుని రా.

దేవరకొండ_బిడ్డ
అమ్మా, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కింటికి పోయింది, రెండు గంటలయినా రాలేదు.

సూర్యాపేట_తాత
కొల్లాపూర్ అమ్మా, నేను మందులు, యూరియా అని వాదించాను. మా ఇంటి ఆడవాళ్ళను ఎన్నడూ అడగలేదు, ఏమన్నా తగులుతోందా అని. ఎట్లా అడగాలో కూడా తెలియదు.

ఏఎన్‌ఎం_అక్క
మీరు అడగక్కర్లేదు తాతా, దవాఖానకు తీసుకొస్తే చాలు. 30 దాటిన ప్రతి ఆడమనిషికీ నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్షలు మన దగ్గర ఉచితం. మంగళవారాలు ఆరోగ్య మహిళ క్లినిక్‌లు నడిచే దవాఖాన దగ్గరలో ఉంటే ఇంకా సులువు, 2023 మార్చి 8న మొదలయ్యాయి. ఆడవాళ్ళే చూస్తారు.

"చేత్తో చూస్తే ఏం తెలుస్తది" అని నన్ను చాలామంది అడుగుతారు. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 1998 నుంచి ఇరవై ఏళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళను గమనించారు. సగం మందికి శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. 50 దాటిన వాళ్ళలో ఈ క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. చిన్న వయసు వాళ్ళలో అంత తేడా రాలేదు. అంటే ఈ చేతి పరీక్ష ఎక్కువ పనికొచ్చేది మీ అమ్మల వయసు వాళ్ళకే.

దేవరకొండ_బిడ్డ
మూడు వారాల తర్వాత రాస్తున్నా. డాక్టర్ చెప్పినట్టు కల్లు వారం వారం తగ్గిస్తున్నాం, ఇప్పుడు సీసాలో మూడో వంతు. నిద్రకు కొంచెం ఇబ్బంది పడింది, చేతులు వణకలేదు. గుడ్లు మళ్ళీ తింటోంది.

మంగళవారం అమ్మను తీసుకుపోయా. "నేనొక్కదాన్నే రాను" అని మేనత్తను కూడా లాక్కొచ్చింది. లోపల సిస్టర్ తలుపు గడియ పెట్టి, అమ్మను బల్ల మీద పడుకోబెట్టి, చేయి తల కింద పెట్టుకోమంది. మూడు వేళ్ళు ఆనించి చిన్న చిన్న గుండ్రాలుగా, రొమ్మంతా, చంక దాకా చూసింది. అమ్మ కళ్ళు మూసుకుని ఏదో జపం చేస్తోంది. ఏమీ లేదు. అమ్మ జాకెట్ హుక్కులు పెట్టుకుంటూ "గింతేనా" అన్నది.

మేనత్త "నాకు వద్దు, నాకేం లేదు" అని తలుపు దగ్గరే నిలబడింది. సిస్టర్ బలవంతం చేయలేదు, ఊరికే చేయి పట్టుకుంది. అప్పుడు అత్త ఏడ్చింది. ఎనిమిది నెలల నుంచి కుడి వైపు గడ్డ ఉందట. రోజూ సీరియల్ చూస్తూ పక్కపక్కన కూర్చున్నారు ఇద్దరూ, అమ్మకు కూడా చెప్పలేదు. అత్తకు 66. జిల్లా దవాఖానలో స్కానింగ్, మామోగ్రాం (రొమ్ము ఎక్స్‌రే) చేశారు. ముక్క పరీక్షకు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి రాసిచ్చారు. సోమవారం పోతున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. దారి, కాగితాలు, ఏదన్నా చెప్పండి.

కొల్లాపూర్_మామిడి
భయపడకు బిడ్డా. గడ్డలన్నీ క్యాన్సర్ కాదు. అయినా ఇప్పుడు మందుంది. అత్త పక్కన ఉండు, ప్రశ్నలు అడగకు.

మిర్యాలగూడ_కోడలు
ఇది మా అత్తకు చదివి వినిపించా. వచ్చే మంగళవారం వస్తానంది. మొదటిసారి.

నాగర్‌కర్నూల్_సిస్టర్
ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ ఉంటే అది, స్కానింగ్ ఫిల్ములు, రిపోర్టులు అన్నీ ఒక కవర్‌లో, ప్రతిదానికి రెండు జిరాక్సులు. 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పది లక్షల వరకు ఉంది, ఖర్చు గురించి అత్త దగ్గర మాట్లాడొద్దు. బీపీ, షుగర్ గోలీలు వాడుతుంటే ఆ చీటీ కూడా. ముందు హుక్కులున్న జాకెట్ వేసుకోమనండి, విప్పడం తేలిక.

తాటివనం
ఎంజీబీఎస్ దాకా పోకండి అక్కా, ట్రాఫిక్‌లో గంట పోతుంది. ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. బండి మారాల్సిన పని లేదు, ఎక్కింది నేరుగా నాంపల్లి మీదుగా లక్డీకాపూల్ పోతుంది. రెండింట్లో ఎక్కడ దిగినా ఆసుపత్రి ఉన్న రెడ్ హిల్స్‌కు ఆటో నిమిషాల్లో తీసుకుపోతుంది. పొద్దున మొదటి బస్సు పట్టుకోండి, ఓపీ చీటీ లైన్ పెద్దది. అత్తకు టిఫిన్ డబ్బా కట్టుకోండి, మధ్యాహ్నం దాటుతుంది.